నల్ల కొంగ

ఈ పొద్దున మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఒక ఫోటో పెట్టారు. క్లబ్‌హౌస్ పైన, నీళ్ళ ట్యాంకు పక్కన, వానలో తడుస్తూ ఒక పిట్ట. కింద వరసగా అనుమానాలు. ఒకాయన గద్ద అన్నాడు. ఒకావిడ, ఎవరో పెంచుకుంటున్న విదేశీ పక్షి తప్పించుకొచ్చి ఉంటుంది, సెక్యూరిటీకి చెప్పండి అంది. ఇంకొకాయన, ఆయన ప్రతిదానికీ ఇంతే, దానికి కెమెరా గట్రా కట్టి ఉందేమో కాళ్ళు పెద్దవి చేసి చూడమన్నాడు.

నేను పెద్దది చేసి చూశాను. కాళ్ళు కాదు, తోక. కత్తెరలా రెండుగా చీలిన తోక. చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది.

"ఆంటీ, మీరు ఇక్కడే పెరిగారు కదా, ఇదేం పిట్టో తెలుసా?" అని పై అంతస్తు అమ్మాయి నన్నే అడిగింది. తెలుసు. కానీ జవాబు రాయలేదు. మా అమ్మాయి ఉద్యోగం కాకినాడలో. నిన్న తుఫాను అక్కడే తీరం దాటింది. అప్పటినుంచీ దాని ఫోను మూగబోయింది. కరెంటు లేక చార్జింగ్ అయిపోయి ఉంటుందని మా ఆయన అంటున్నాడు. అయ్యే ఉంటుంది. అయినా సరే, ఆ పిట్ట పేరు మాత్రం గ్రూపులో నా వేలితో రాయను.

ఎందుకో చెప్పాలంటే ఖాజాగూడ ఇంకా ఊరుగా ఉన్న రోజుల్లోకి వెళ్ళాలి.

అప్పటికి నాకు పద్నాలుగేళ్ళో ఏమో. నాన్న ప్రభుత్వాఫీసులో గుమాస్తా. సముద్రం పక్క పల్లె నుంచి బదిలీ మీద హైదరాబాదు వచ్చిపడ్డాం. ఊరి మధ్యలో కిరాయిలు అందక ఖాజాగూడలో చెరువుకి ఇవతల రెండు గదుల ఇంట్లో చేరాం. చుట్టూ బండలు. బండల సందుల్లో సీతాఫలం చెట్లు. కాయ కన్ను విడవక ముందే కోసుకొచ్చి బియ్యం డబ్బాలో దాచేవాళ్ళం. మెత్తబడిన వాసనకి అమ్మ కనిపెట్టేసి వీపు విమానం మోత మోగించేది. సాయంత్రమైతే ఊరంతా కట్టెపొగ, బర్రెల వాసన, ఇంటావిడ కాల్చే జొన్నరొట్టె వాసన. అందులోకి మా నాయనమ్మ వేయించే నెత్తళ్ళనే ఎండు చేపల వాసన చేరేది. మేం దిగిన కొత్తలో ఇంటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏంది పెద్దమ్మా, ఇంట్ల ఏమన్న సచ్చిందా?"

"చచ్చినవే తల్లీ. ఎండబెట్టి తెచ్చుకున్నాం. రుచి చూడు."

కొన్నాళ్ళు తిరిగేసరికి ఆవిడే గిన్నె పట్టుకుని వచ్చేది. "జర గా సచ్చినయి ఉంటె పెట్టు పెద్దమ్మా," అని.

అది అనుమానాల కాలం. మాదాపూర్ వైపు ఏదో పెద్ద భవనం లేస్తోందని, ఇక ఇటువైపంతా మారిపోతుందని చెప్పుకునేవారు. ఎవరెవరో కొలత గొలుసులు, ఎర్ర జెండాలు పట్టుకుని వచ్చి బండల మీద సున్నంతో గీతలు గీసి పోయేవారు. ఎవరు పంపారంటే చెప్పేవారు కాదు. చొక్కా టక్ చేసుకున్న కొత్త మనిషి ఊళ్ళోకి వస్తే చాలు, ఇంటాయన చేతిలో బీడీ పారేసి వెనకాలే నడిచేవాడు. పొద్దున్నే బిందెతో నీళ్ళు తీసుకెళ్ళి తన పొలం పక్క గీతలు కడిగేసేవాడు. ఆయన అటు వెళ్ళగానే మేం పిల్లలం సుద్దముక్కలతో మళ్ళీ గీసేవాళ్ళం. సాయంత్రం వచ్చి చూసుకుని, "రాత్రిళ్ళు గూడ గీస్తుండ్రు గీ దొంగ నాకొడుకులు!" అని గంతులేసేవాడు. మేం సీతాఫలం చెట్ల వెనక కడుపులు పట్టుకునేవాళ్ళం.

నవ్వుకున్నాను కానీ నాదీ అదే జబ్బు. పాలు పలచగా ఉంటే పాలవాడిని, బెల్లం తగ్గితే అమ్మని, చివరికి మా ఇంట్లో దేవుడి ముందు పెట్టిన అరటిపండునీ అనుమానించేదాన్ని. నాయనమ్మ నన్ను "పోలీసు మొహమా" అనే పిలిచేది. ఆవిడకీ నాకూ రోజూ పేచీ వచ్చేది ఒక్క విషయంలోనే. ఆ బండల్లో పాములు ఎక్కువ. దీపాలు పెట్టే వేళ నా నోట పాము అన్న మాట వచ్చిందా, ఆవిడ అరచెయ్యి టపీమని నా నోటి మీద పడేది.

"పురుగు అనవే! పేరు పెట్టి పిలిస్తే వచ్చి కూర్చుంటుంది."

"దానికి చెవుల్లేవు నాయనమ్మా. సైన్సు పుస్తకంలో ఉంది."

"నీకున్నాయిగా. విను."

ఆ కార్తీకంలో తాతయ్య తద్దినం పెట్టడానికి నాన్న ఊరెళ్ళాడు. నాయనమ్మకి నాన్న ఒక్కడే కొడుకు. మోకాళ్ళ నొప్పులతో బస్సు ప్రయాణం తన వల్ల కాదని ఆవిడ ఉండిపోయింది. నేను పుట్టకముందే తాతయ్య ఒక గాలివానలో పోయాడని మాత్రం తెలుసు. ఎలా పోయాడని అడిగితే, గ్యాసు పొయ్యి ముందు కూర్చుని కూడా పొగ వచ్చినట్టు కళ్ళు తుడుచుకుని వేరే మాట ఎత్తేది.

నాన్న వెళ్ళాక సముద్రంలో వాయుగుండం అన్నారు. తర్వాత తుఫాను అన్నారు. ఇంటావిడ వాళ్ళ టీవీలో వార్తలు చదివేవాడు తీరం దాటిన చోటు చెబుతుంటే అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. అది మా పల్లెకి కూతవేటు దూరం. ఇక్కడ మాకు ముసురు పట్టింది. అమ్మా నేనూ గొడుగేసుకుని గచ్చిబౌలి రోడ్డు మీద ఉన్న ఫోను బూత్‌కి వెళ్ళి, నాన్న దిగిన చిన్నతాత వాళ్ళ ఊరి నంబరు తిప్పించి తిప్పించి వచ్చేవాళ్ళం. "లైన్లన్నీ పడిపోయినయక్కా. జర ఓపిక పట్టుండ్రి," అనేవాడు బూత్ అతను. మేం గుమ్మంలోకి రాగానే నాయనమ్మ అమ్మ మొహం చూసి, మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరుకునేది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరేది.

ఆ ముసురులోనే ఒక పొద్దున చెరువు వైపు నుంచి కేకలు. పరిగెత్తాం. పెద్ద బండ మీద అది కూర్చుని ఉంది.

కోడిపుంజు కంటే పెద్దది. ఒళ్ళు నల్లగా, తల తెల్లగా. రెక్కలు మరీ పొడుగు, మడుచుకునే ఓపిక కూడా లేనట్టు బండకి రెండు వైపులా వేలాడేసింది. పొడుగాటి ముక్కు, చివర కొక్కెం. కాళ్ళు వెతుక్కోవాలి, అంత పొట్టివి. తోక కత్తెరలా చీలి ఉంది. మనుషులు దగ్గరికి వస్తున్నా ఎగరలేదు. కళ్ళు మూస్తూ తెరుస్తూ ఉంది.

గద్ద అన్నారు. గద్ద ముక్కు ఇంత పొడుగుంటుందా అన్నారు. రాబందు పిల్ల అన్నారు. ఇంటాయన మాత్రం బండ చుట్టూ తిరిగి, పిట్టని కాకుండా పిట్టని చూస్తున్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనే చూశాడు.

"గిది ఊకెనే రాలే. ఎవడో తెచ్చి ఇడ్సిపెట్టిండు."

"గా పిట్టనెందుకు ఇడుస్తరు?" అంది ఇంటావిడ.

"ఎందుకా? రేపు పేపరోడొస్తడు, ఫోటో తీస్తడు. పిట్టల చెరువని బోర్డు పెడ్తరు. ఇగ చెరువు పక్క భూములన్నీ గుంజుకుంటరు. నువ్వు నేను చిప్ప పట్కొని తిరగాలె!"

మామూలు రోజుల్లో అయితే జనం నవ్వేవాళ్ళు. బండల మీద సున్నం గీతలు అందరికీ కనపడుతూనే ఉన్నాయి కాబట్టి ఎవరూ నవ్వలేదు.

"పెద్దమ్మను పిలువుండ్రి. నీళ్ళ పిట్టలు ఆమెకు ఎర్కే," అంది ఇంటావిడ.

నిజమే. ఆ చెరువు మీద వాలే ప్రతి పిట్టకీ మా నాయనమ్మ దగ్గర పేరుంది. బుడబుంగని చూసి నీటికాకి అన్నామా, చదువుకున్న మొద్దులని తిట్టేది. చేప అయితే కళ్ళు మూసుకుని వాసన చూసి చెప్పేది. కర్ర పొడుచుకుంటూ వచ్చింది. జనం దారిచ్చారు.

ఒక్క చూపు చూసింది. ఆ చూపు నేను చూశాను. ముఖం చాటెయ్యాలనుకున్న మనిషి బజారులో ఎదురుపడితే ఎలా చూస్తారో అలా చూసింది.

"కొంగ," అంది.

"ఏందీ?"

"కొంగ బాబూ. నల్ల కొంగ. మా వైపు బోలెడు. దీనికింత తిరనాళ్ళేమిటి, పదండి పదండి, పనుల్లేవా మీకు?"

ఇంటాయన మొహం వెలిగిపోయింది. "ఇన్నరా? కొంగనట! కొంగకు ఎవడు బోర్డు పెట్టడు. పోండ్రిగ!"

నేను వదల్లేదు. ఇంటికి వచ్చేదాకా ఆవిడ పక్కనే నడిచాను. "కొంగ తెల్లగా ఉంటుంది కదా నాయనమ్మా."

"ఎండకి నల్లబడింది."

"కొంగకి పొడుగు కాళ్ళుంటాయి కదా."

"అరిగిపోయాయి. నీ ప్రశ్నలకి నా కాళ్ళు అరగట్లా?"

ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నం కలిపి వదిలేసింది. గుమ్మంలో కూర్చుని దారినపోయే ప్రతి చెప్పుల చప్పుడికీ తలెత్తింది. నాకు అనుమానం ముదిరింది.

మర్నాడు ఒకబ్బాయి సైకిలు మీద వచ్చాడు. గోపన్‌పల్లి పక్క యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు. పిట్ట సంగతి ఎవరి ద్వారానో విన్నాడు. సన్నగా, కళ్ళద్దాలు, మెడలో దుర్బీను. ఆ దుర్బీనే అతని కొంప ముంచింది.

"ఎవరు పంపిండ్రు నిన్ను?" అని ఇంటాయన సైకిలు హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఎవరూ పంపలేదన్నా. పిట్టను సూడను వచ్చినా."

"పిట్ట బండ మీదనే కూసుంది గదా, దుర్బీనెందుకు? భూములు సూస్తందుకా?"

అతను పాపం తగువు పెట్టుకోలేదు. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు చుట్టిన పుస్తకం తీశాడు. పేజీ పేజీకీ రంగుల పిట్టలు. తడి అంటకుండా చొక్కాకి చేతులు తుడుచుకుని ఒక పేజీ తెరిచాడు. నేను అందరి కాళ్ళ మధ్య నుంచి దూరి చూశాను. అదే ముక్కు. అదే తోక.

"సూడండన్నా, ఇది కొంగ కాదు. సముద్రం మింద తిరిగే పక్షి. నేల మింద ఇట్ల కూర్చోదు, నీళ్ళ మింద కూడా వాలదు. ఎప్పుడూ గాల్లోనే ఉంటాది. యాడో పెద్ద తుఫాను ఎత్తుకొచ్చి ఈడ పడేసింది. సిన్నా సితకా గాలికి ఇంత దూరం రాదన్నా ఇది. ఆడ శానా నష్టం జరిగి ఉంటాది."

బిందెతో అటుగా వచ్చిన అమ్మ అక్కడే ఆగిపోయింది. నీళ్ళు ఒలికి చీర తడుస్తున్నా కదల్లేదు. నాయనమ్మ అమ్మని చూసింది. చూసి, కర్ర పొడుచుకుంటూ గబగబా ముందుకొచ్చింది.

"ఏ ఊరు నాయనా మీది?"

"అనంతపురం పక్కన అవ్వా."

"మీ ఊళ్ళో సముద్రముందా?"

జనం నవ్వారు. "లేదవ్వా," అన్నాడు.

"అసలు నీళ్ళున్నాయా?"

ఇంకా నవ్వారు.

"నేను ఒడ్డున పుట్టాను, ఒడ్డునే కాపురం చేశాను. సముద్రం పిట్ట ఏదో నువ్వు నాకు చెప్తావా? ఇది కొంగ. ఆ పుస్తకం మూసుకుని ఇంటికి పో, వానలో తడుస్తుంది."

"అమ్మ జెప్పింది ఇనలేదా? నడువ్!" అన్నాడు ఇంటాయన.

అతను పుస్తకాన్ని మళ్ళీ కవరులో చుట్టుకున్నాడు. "ఇది అదే అవ్వా," అని మెల్లగా అని, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. సముద్రం చూసిన మనిషి మాటకి ఎదురేముంది? ఊరంతా నాయనమ్మ వైపే. నేను ఒక్కదాన్నే ఆవిడ వైపు లేను. ఆవిడ అబద్ధాలు ఆడదని కాదు. నాకు తొంభై మార్కులొచ్చాయని చిన్నతాతకి చెప్పిన మనిషి. కానీ చేపల విషయంలో, నీళ్ళ విషయంలో ఎన్నడూ ఆడలేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది. ఏదో దాస్తోంది, పట్టుకుంటాను అనుకున్నాను.

ఆ సాయంత్రం గిన్నెలో నెత్తళ్ళు నానబెట్టింది. కూరకేమో అనుకుంటే, గిన్నె కొంగు చాటున పెట్టుకుని దొడ్డిదారిన బయల్దేరింది. నేను బండల చాటున వెనకాలే వెళ్ళాను. మోకాళ్ళు పట్టుకుంటూ ఎలాగో పిట్ట దగ్గరికి చేరింది. చేపని ముక్కు ముందు పెట్టింది. దానితో మాట్లాడుతోంది.

"తిను. తిని బలం తెచ్చుకుని వచ్చిన దారినే పో. మళ్ళీ ఎందుకొచ్చావు నా దగ్గరికి? ఒకసారి వచ్చావు, చాలదా? నాకున్నది వాడొక్కడే. వాణ్ణి ఇవ్వను. నువ్వు కొంగవి. కొంగవే నువ్వు."

నేను ఇవతలికి వచ్చాను. దొంగ దొరికిందన్న సంబరంలో ఆ మాటలు నా బుర్రకి పూర్తిగా ఎక్కనేలేదు. "కొంగకి నెత్తళ్ళు నానబెట్టి పెడతారా?" అన్నాను.

"పోలీసు మొహమా, ఎప్పుడొచ్చావే!"

"అది సముద్రం పిట్టే కదా? నీకు తెలుసు. దాని పేరేంటో చెప్పు. చెప్పకపోతే నేనే పుస్తకంలో..."

అరచెయ్యి టపీమని నా నోటి మీద పడింది. పాము అన్నప్పుడు పడే చెయ్యే. నెత్తళ్ళ వాసన. అయితే ఈసారి వెంటనే తీయలేదు.

"అనకే. నీకు దణ్ణం పెడతాను, అనకు. నాన్న ఇంటికొచ్చేదాకా అది కొంగ. కొంగ అను."

అప్పుడు తెలిసింది నాకు. ఆవిడ అబద్ధం ఆడలేదు. పాముని పురుగన్నట్టే దీన్ని కొంగ అంటోంది. లైన్లు పడిపోయాయి కాబట్టి ఫోను కలవడం లేదని అంతవరకూ హాయిగా నమ్ముతున్నదాన్ని, ఒక్కసారిగా నాన్నకేమైందోనని భయపడ్డాను. ఏడుపొచ్చింది. "కొంగ," అన్నాను. ఆవిడ చెయ్యి తీసింది. మేమిద్దరం చూస్తుండగానే పిట్ట ఆ కొక్కెం ముక్కుతో ఒక చేపని అందుకుని మింగింది.

అప్పటినుంచీ ఊళ్ళో నల్ల కొంగ పార్టీకి నేనే పెద్దని. ఇదేం పిట్టని పిల్లలెవరైనా అంటే మీద పడిపోయేదాన్ని. ఇంటాయన మెచ్చుకుని పండిన సీతాఫలం ఇచ్చాడు. ఆ కళ్ళద్దాల అబ్బాయి మళ్ళీ వచ్చి దూరంగా రోడ్డు మీద నిలబడితే అడ్డం వెళ్ళి, "అది కొంగే," అన్నాను. బొమ్మ చూసినదాన్ని కదా, అతను నన్ను గుర్తుపట్టాడు. "నువ్వు గూడానా పాపా?" అని సైకిలు తిప్పుకున్నాడు.

ముసురు విడిచి ఎండ కాసిన పొద్దున బండ ఖాళీగా ఉంది. ఎగిరిపోవడం ఎవరూ చూడలేదు. కుక్కలు లాక్కుపోయిన గుర్తులూ లేవు. నాయనమ్మకి అదీ అనుమానమే. పీడ పోయిందని అనుకోదు, ఎటు పోయిందో అని గుబులు. బండ దగ్గరే కూర్చుండిపోయింది. అమ్మ పిలిచినా లేవలేదు.

పొద్దు వాలేలోపు నాన్న వచ్చాడు.

కొంత దూరం లారీ మీద, కొంత దూరం నడిచి, దొరికిన బస్సెక్కి వచ్చాడట. ప్యాంటు మోకాళ్ళ దాకా ఎండిన బురద. చిన్నతాత ఇంటి కప్పు లేచిపోయింది, అందరూ బడి మేడ మీద తలదాచుకున్నారట. అమ్మ గోడకి ఆనుకుని ఏడ్చేసింది. నాయనమ్మ ఏడవలేదు. నాన్న తల, బుగ్గలు, చేతులు, వేళ్ళు అన్నీ తడిమి చూసుకుంది. చొక్కా ఎత్తి వీపు కూడా చూసింది. "అమ్మా, నేనేనే," అన్నాడు నాన్న. ఈ ఇంట్లో అనుమానం నాకెక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

నాన్నకి మజ్జిగ తాగించి, నాయనమ్మ అరుగు మీదకి వచ్చి నిలబడి, వీధి వీధంతా వినపడేలా అరిచింది.

"అది కొంగ కాదర్రా! తుఫాను పిట్ట! మా సముద్రానిదే!"

ఇంటాయన బయటికి వచ్చాడు. "గదేందమ్మా, గట్ల మాట మారుస్తవు?"

"నా కొడుకు వచ్చాడు. మారుస్తాను."

ఆ తర్వాత ఆవిడకి ఇంకో తొందర పుట్టింది. ఆ అనంతపురం అబ్బాయిని భోజనానికి పిలవాలి. నాన్న సైకిలు మీద యూనివర్సిటీకి వెళ్ళి ఎలాగో పట్టుకొచ్చాడు. అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఈసారి కొడతారేమోనని అతని అనుమానం. నాయనమ్మ పీట వేసి, చేపల పులుసు పోసి, ముల్లు తీసి మరీ పెట్టింది. అతను సగం తిన్నాక, ఎవరూ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ గాలివాన తెల్లారి మా ఇంటికి ఒక్క గోడే మిగిలింది బాబూ. దాని మీద కూర్చునుంది ఇది. మీ తాతయ్య కోసం," నా వైపు తిరిగింది, "ఊరంతా వెతుకుతున్నారు. నేను ఊరుకోవచ్చుగా? ఇదేం పిట్ట అని పక్కింటామెని అడిగాను. చెప్పింది. నేనూ ఆ పేరు పైకి అన్నాను. సాయంత్రానికి ఆయన్ని మోసుకొచ్చారు."

నాన్న చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. నాన్నకీ తెలియదు ఆ సంగతి. ఆ అబ్బాయి ముద్ద కింద పెట్టి, "నీ తప్పు కాదవ్వా," అన్నాడు.

"నాకు తెలీదా? తినవయ్యా, చల్లారిపోతుంది," అంది. ముక్కు చీది, పుస్తకంలో దాన్నేమంటారో అడిగింది. ఫ్రిగేట్ అని ఏదో చెప్పాడు. నాయనమ్మ నోట్లో తిప్పి చూసుకుని, "అదేం పేరు? మాదే నయం," అంది.

ఇప్పుడు ఆ బండలు చాలా మటుకు లేవు. గీతల విషయంలో ఇంటాయన అనుమానం అక్షరాలా నిజమైంది, గీసిన ప్రతి గీతా రోడ్డయింది. ఆ రోడ్లలో ఒకదాని పక్కనే మా అపార్ట్‌మెంట్. చెరువు మిగిలింది, మా వంటింటి కిటికీలోంచి ఒక ముక్క కనపడుతుంది. నాయనమ్మ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. పాముకి చెవుల్లేవని నాకు ఇప్పటికీ తెలుసు.

ఇందాక గ్రూపులో ఒక కొత్త కుర్రాడు రాశాడు. మూడో బ్లాకులో కిరాయికి దిగాడట. అది సముద్ర పక్షి, తుఫాను గాలికి కొట్టుకొచ్చింది, దయచేసి ఎవరూ రాళ్ళు వెయ్యకండి అని. పేరు కూడా సరిగ్గా రాశాడు. "కరెక్టే కదా, నువ్వు ఎప్పుడూ చెప్పే పిట్టే," అన్నాడు మా ఆయన నా భుజం మీదుగా చూసి. నేను మా అమ్మాయికి మళ్ళీ చేశాను. అదే స్విచ్చాఫ్.

గ్రూపు తెరిచి రాశాను. "కాదు బాబూ. అది నల్ల కొంగ. మా వైపు బోలెడు."

నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. ఆ కుర్రాడు మర్యాదగా, "లేదండీ ఆంటీ, కావాలంటే పుస్తకంలో బొమ్మ పంపిస్తాను," అన్నాడు. పంపాడు కూడా. తెరవలేదు. నవ్వుకోనీ అందరినీ. మా అమ్మాయి ఫోను మోగగానే ఆ అబ్బాయి ఏ ఫ్లాటో కనుక్కుని భోజనానికి పిలుస్తాను. చేపలు తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టి ఉంచాను.